వేపాకు, వెండి, కాస్త ఉప్పు

పత్రికలో చేరిన కొత్తలో నాకు నేర్పిన మొదటి సూత్రం, మొదటి వాక్యంలోనే విషయం చెప్పెయ్యాలని. పాఠకుడు బస్సులో నిలబడి చదువుతూ ఉంటాడు, రెండో వాక్యానికల్లా అతని స్టాపు రావచ్చు. అందుకని ముందే చెప్పేస్తున్నాను. ధర్మవరం పట్టుచీరల వ్యాపారి ఒకాయన, తన కోడలి ల్యాబ్‌ను మూయించి అందులో మగ్గాలు పెట్టిద్దామని వచ్చి, నోట్లో ఒక వేపాకు వేసుకుని తన పని తానే చెడగొట్టుకున్నాడు. ఇక మీరు ఏ స్టాపులో దిగినా నష్టం లేదు. దిగనివాళ్లకు మిగతాది చెబుతాను.

నేను హిందూపురంలో చాలా ఏళ్లు విలేకరిగా పనిచేశాను. చింతపండు ధర, పట్టుగూళ్ల ధర, బెంగళూరు బస్సుల్లో రద్దీ, వేసవిలో నీళ్ల ట్యాంకర్లు. ఈ నాలుగింటి మీద నేను రాసినన్ని వార్తలు ఇంకెవరూ రాసి ఉండరు. పత్రికకు పేజీలు తగ్గినప్పుడు వాటితోపాటు నేనూ తగ్గిపోయాను. ఆ తర్వాత పెనుకొండలో ఒక టిష్యూ కల్చర్ ల్యాబ్‌లో ఆఫీసు వ్యవహారాలు చూసే ఉద్యోగం దొరికింది. రిటైరైంది అక్కడే. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మీలాంటివాళ్లు కనిపించినప్పుడల్లా "సార్, మీకు బాగా గుర్తుండిపోయిన వార్త ఏది?" అని అడుగుతారు. నాకు బాగా గుర్తుండిపోయింది ఏ పేపర్లోనూ రాని వార్త.

టిష్యూ కల్చర్ అంటే మొక్క చివుళ్లను కత్తిరించి, సీసాల్లో చక్కెరా పోషకాలూ కలిపిన జెల్లీ మీద పెంచి, ఒక మొక్క నుంచి వందల మొక్కలు తీయడం. వినడానికి హాయిగా ఉంటుంది. తిప్పలన్నీ ఒక్కచోటే. మొక్క కోసం మనం పెట్టే ఆ జెల్లీ, బూజుకు పెళ్లిభోజనం. గింజ పైపొర మీద కంటికి కనిపించని బూజు ఒక్క రవ్వ మిగిలినా చాలు, వారం తిరక్కుండా సీసా నిండా అదే కాపురం ఉంటుంది.

మా ల్యాబ్ హైవే పక్కన, పెనుకొండ కోట కనబడేంత దూరంలో ఒక పెద్ద షెడ్డు. దాన్ని ఆ ధర్మవరం పెద్దాయన ఒకప్పుడు పట్టునూలు నిలవకు కట్టించుకున్నాడు. ఆయన కోడలు హిందూపురం అమ్మాయి, వృక్షశాస్త్రం చదివింది. కోడలి చదువు వృథా పోకూడదని ల్యాబ్ పెట్టుకోమని షెడ్డు ఇచ్చింది ఆయనే. ఇచ్చాక, ఎందుకిచ్చానా అని బాధపడిందీ ఆయనే. ఈ రెండు పనులూ ఊరంతా వినబడేంత గొంతుతో చేశాడు.

ఆ కోడలే మా మేడమ్. ఆమె కాక ల్యాబ్‌లో ఇంకా ఇద్దరం. ఒకరు నేను. రెండో మనిషి హిందూపురం పక్కన పరిగి నుంచి వచ్చే ఆవిడ. మేడమ్‌తో సహా అందరం ఆమెను అక్కా అనేవాళ్లం. వాళ్లింట్లో తరతరాలుగా పట్టుపురుగులు పెంచుతారు. మురికి ఆకు వేస్తే పురుగు చచ్చిపోతుందని పుట్టినప్పటినుంచి విన్న మనిషి కాబట్టి, శుభ్రం విషయంలో అక్క మమ్మల్ని ఎవరినీ నమ్మేది కాదు. నేను చేతులు కడుక్కుని వస్తే వాసన చూసి మళ్లీ పంపించేది.

మొదట్లో అరటి మొక్కలతో ల్యాబ్ బాగానే నడిచింది. తర్వాత బెంగళూరు వైపు పెద్ద పెద్ద ల్యాబ్‌లు వచ్చి, మా మొక్కలను అడిగే దిక్కు లేకపోయింది. అప్పుడు మేడమ్ శ్రీగంధం మీద మనసు పెట్టింది. ఆ గింజలు మొలవడమే బద్ధకం, మొలిచేలోపు బూజు పడుతుంది. వాటిని సీసాలో శుభ్రంగా మొలిపించగలిగితే చివుళ్లు తీసుకుని ఎన్ని మొక్కలైనా చేయవచ్చు. గుడిబండ దగ్గర ఒక రైతు పొలంలో మంచి చేవగల గంధపు చెట్టు ఉండేది. దాన్ని దొంగలు నరికి ఎత్తుకుపోయారు. అంతకు ముందే ఏరి పెట్టుకున్న గింజలను ఆయన ఒక గుడ్డసంచిలో తెచ్చి మా మేడమ్ చేతిలో పెట్టాడు.

"దొంగనాయాలు మాను ఎత్తకపోయి ఇత్తనాలు ఇడిసిపెట్టినాడమ్మా. బుద్ధి తక్కువోడు. వాడి మొహాన కొట్టినట్ల దీనికి పిల్లల్ని పుట్టించాల నువ్వు," అన్నాడు.

మేడమ్ పుట్టిస్తానంది. పుట్టింది బూజు. తెల్లగా దూదిలాగా ఒకటి, మసిలాగా ఒకటి, చిలకపచ్చగా ఒకటి. ఒక సీసాలో లేత గులాబీ రంగు బూజు చూసి, "ఇది మాత్రం చీర అంచుకు బాగుంటాది మేడమ్," అంది అక్క. గింజలు శుభ్రం చేయడానికి ల్యాబ్‌లలో పాదరసంతో చేసిన మందు వాడటం మామూలే. అది కాస్త ఎక్కువైతే బూజుతోపాటు గింజా చస్తుంది, తక్కువైతే రెండూ బతుకుతాయి. పైగా విషం. అక్క చేతులు దాన్ని తాకడం మేడమ్‌కు ఇష్టం లేదు.

పెద్దాయన వారానికోసారి ధర్మవరం నుంచి వచ్చేవాడు. తెల్లపంచె, భుజాన కండువా, నోట్లో వక్కపొడి. వస్తూనే షెడ్డులో ఆ మూల నుంచి ఈ మూలకు అడుగులు వేసి కొలిచేవాడు.

"ఈడ రెండు మగ్గాలు పడతాయి. ఆ అద్దాల గది పీకేస్తే ఆడ ఇంకోటి."

"మామా, ఆ గదిలోకి చెప్పులతో పోగూడదు," అనేది మేడమ్.

"మగ్గాలొచ్చినంక చెప్పులేందమ్మా, నేసేవాళ్లు ఆడనే పండుకుంటారు."

నా వైపు తిరిగి, "ఏమప్పా పేపరాయనా, ఏం వార్త?" అనేవాడు. ఏమీ లేదండీ అంటే, "ఈడ ఎప్పుడూ అంతే. బూజు పడిందనేదే వార్త," అని ఆయనే నవ్వుకునేవాడు.

ఒకరోజు మాత్రం నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, "అమ్మణ్ణీ, ఉగాదికి ఒక్క పచ్చని మొక్క చూపించు. బూజు లేకుండా. చూపిస్తే ఈ షెడ్డు నీది, మళ్లా దీని మాటెత్తను. ల్యాకపోతే పండగనాడే మగ్గాలు దింపుతా. నాకు మాటంటే మాట," అన్నాడు.

"ఒకటి చాలా మామా?"

"ఆ ఒకటే రాదంటాండా నేను."

ఆయన కారు ధర్మవరం దారి పట్టాక మేడమ్ బూజు పట్టిన సీసాలు లెక్కపెడుతూ కూర్చుంది. తర్వాత లేచి, "వెండి పెట్టి చూద్దాం సార్," అంది. ఆఖరికి నగలు తాకట్టు పెట్టే దశకు వచ్చామేమోనని నేను కంగారుపడ్డాను.

అది వేరే వెండి. వెండి నైట్రేట్ అనే తెల్లటి పలుకులుంటాయి. వాటిని నీళ్లలో కరిగించి, వేపాకు కషాయం కలిపితే, ఆకులో ఉన్న పదార్థాలు ఆ వెండిని కంటికి అందనంత చిన్న రేణువులుగా మార్చేస్తాయట. నానో రేణువులంటారు. కలిపిన నీళ్లు మెల్లగా పసుపు రంగుకు తిరిగి, తేనె రంగై, చివరికి టీ డికాషన్ రంగుకు వస్తాయి. రంగు వచ్చిందంటే రేణువులు తయారైనట్టే. తగినంత పలచన చేసి గింజలను కాసేపు అందులో ఉంచితే బూజు పోతుంది, గింజ మిగులుతుంది. పాదరసం ముట్టక్కర్లేదు. ఆకు మన వేపాకు, కాచేది మన స్టవ్వు మీద. ఇంత సులువైనది ఇన్నాళ్లూ ఎందుకు చేయలేదా అనుకున్నాం.

మాకు డికాషన్ రాలేదు. మజ్జిగ వచ్చింది.

కషాయం కలిపీ కలపగానే సీసాలో నీళ్లు తెల్లగా విరిగిపోయాయి. మళ్లీ చేస్తే మళ్లీ మజ్జిగే. "ఇంత అల్లం, కరేపాకు ఏస్తే తాగొచ్చు మేడమ్," అంది అక్క. మేడమ్ మాత్రం తల పట్టుకుంది. "క్లోరైడ్ అక్కా. ఎక్కడో క్లోరైడ్ కలుస్తాంది. నీళ్లల్లోనే ఉంటుంది." అక్క గంభీరంగా తల ఊపింది. నేనూ ఊపాను. క్లోరైడ్ అంటే ఏమిటో మా ఇద్దరిలో ఎవరికీ తెలియకపోయినా, అది మంచిది కాదని మేడమ్ ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది.

అప్పటినుంచి నా ఉద్యోగం నీళ్లు మోయడం. పెనుకొండలో బ్యాటరీ షాపు డిస్టిల్డ్ వాటర్‌తో మజ్జిగ. హిందూపురంలో మందుల హోల్‌సేల్ దుకాణం నీళ్లతోనూ మజ్జిగే. ధర్మవరంలో ల్యాబ్ సామాన్లమ్మే ఆయన తలుపు వేసుకుని రహస్యంగా ఇచ్చినవాటితో ఇంకా చిక్కటి మజ్జిగ. చివరికి మేడమ్ బెంగళూరులో ఎక్కడో చెప్పి పెడితే, నేను వెళ్లి రెండు పెద్ద క్యాన్లు తీసుకుని ప్యాసింజర్ రైలెక్కాను. సీటు కింద పట్టక వాటిని కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాను. ఎదుటి సీట్లో ఒక అవ్వ, పక్కన ఆమె మనవడో అల్లుడో ఒక మీసాలాయన.

"ఏం నాయనా అవి, తిరపతి తీర్థమా?" అంది అవ్వ.

"కాదవ్వా. ఉత్తి నీళ్లు."

"ఉత్తి నీళ్లా? బెంగుళూరు నుంచి మోస్తాండావా? మీ ఊర్లో కొళాయి రాదా?"

"వస్తాది. దాంట్లో ఏవేవో కలిసుంటాయి. వీటిల్లో ఏమీ ఉండవు."

అవ్వ క్యాన్ల వైపు చూసింది, నా వైపు చూసింది. "ఏమీ ల్యానిదానికి దుడ్లు పెట్టినావా!" అంది.

పెట్టెలో సగం మంది నవ్వారు. మీసాలాయన నన్ను పరకాయించి చూసి, "నువ్వు హిందూపురం పేపరాయనవి గదూ?" అన్నాడు. అవునన్నాను. "పేపర్లో రాసి రాసి అట్లయిపోయింటాడు పాపం," అని అవ్వకు నచ్చజెప్పాడు. పెనుకొండలో దిగేటప్పుడు మాత్రం ఒక క్యాను ఆయనే దించి పెట్టాడు. అమృతమన్నంత జాగ్రత్తగా రెండు క్యాన్లూ ఆటోలో పెట్టుకుని ల్యాబ్‌కు చేర్చాను.

బెంగళూరు నీళ్లతో కూడా మజ్జిగే వచ్చింది.

ఇక ఆ రోజు సంగతి. చలి తగ్గుముఖం పట్టిన రోజులు. పెద్దాయన ఒక మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చాడు. మేస్త్రీ చేతిలో టేపు, చెవిలో సుద్దముక్క. మగ్గాలకు నేల మీద గీతలు గీయడానికి. ఉగాది ఇంకా రానే లేదు కదా అని మేడమ్ అంటే, "గీతలు గీస్తే పండగేం పారిపోదులేమ్మా," అన్నాడు. మేస్త్రీ వంగి టేపు పరిచాడు. మేడమ్ చేతిలో అప్పుడే కలిపిన సీసా ఉంది. అలవాటు ప్రకారం తెల్లగా విరిగిపోయి ఉంది.

"వెండితో ఆటలాడుతాండావంటనే. ఏదీ, ఇట్లియ్యి." సీసా తీసుకుని కిటికీ వెలుగుకు ఎత్తిపట్టాడు. కళ్లు చిన్నవి చేసుకుని చూశాడు. నోట్లో వక్కపొడి నమలడం ఆగిపోయింది.

"దీంట్లో ఉప్పు పడిండాది."

"లేదు మామా. బెంగుళూరు నీళ్లు. శుద్ధమైనవి."

"నీళ్ల సంగతి నాకు తెల్దు. వెండి సంగతి అడుగు. జరీలో వెండి ఉండాదా ల్యాదా అని చూసేదానికి మా నాయన ఏం చేస్తాండె? జరీ పోగు ఆసిడ్లో కరగబెట్టి, ఉప్పునీళ్లు ఒక చుక్క ఏస్తాండె. పెరుగు మాదిరి తెల్లగా ఇరిగితే వెండి. నేను మీసాలు రాకముందు నేర్చుకున్న ఇద్య అమ్మా ఇది. ఇదిగో, ఇదే తెలుపు."

"నాకూ తెలుసు మామా, అది క్లోరైడే. ఎక్కడినుంచి వస్తాందో తెలీకనే కదా ఇన్నాళ్లూ..."

"క్లోరైడో గీరైడో. ఉప్పు! యాడ పడింది?"

మగ్గాలు మర్చిపోయాడు. చెప్పులు బయట విడిచాడు, ఇన్నాళ్లలో మొదటిసారి. క్యానులోంచి అరచేతిలోకి చుక్క నీళ్లు పోయించుకుని నాలుకకు తగిలించుకున్నాడు. "సప్పగా ఉండాది. ఈయప్ప మోసినదాంట్లో ఏమీ ల్యాదు," అన్నాడు. రైల్లో అవ్వ అన్న మాటే. కషాయం కాచే గిన్నె అంచు తుడిచి చూశాడు, గరిటె చూశాడు. ఆ తర్వాత ఫ్యాను కింద పళ్లెంలో ఆరబెట్టిన వేపాకుల దగ్గర ఆగాడు.

ఒక ఆకు తీసి నోట్లో వేసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. మేస్త్రీ టేపు పట్టుకుని ఎక్కడివాడక్కడ నిలబడిపోయాడు. వేపాకు నమిలే మనిషి ముఖం ఎలా ఉండాలో మనందరికీ తెలుసు. ఆయన ముఖం అలా లేదు. పాత స్నేహితుడి గొంతు ఎక్కడినుంచో వినిపించినట్టు తల కాస్త పక్కకు వాల్చాడు. ఇంకో ఆకు వేసుకున్నాడు.

"చేదు వచ్చేలోపల ఇంకోటి వస్తాంది," అన్నాడు మెల్లగా. కళ్లు తెరిచి, "ఏమ్మా, ఉగాది పచ్చడి ఇప్పుడే మొదలుపెట్టినారా?" అన్నాడు.

మేడమ్ పరిగెత్తుకు వెళ్లి తానూ ఒక ఆకు నమిలింది. నేనూ నమిలాను. మొదట ఉప్పు, ఆ వెనక చేదు. సందేహం లేదు.

విలేకరి పనిలో ఆరు ప్రశ్నలుంటాయి. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా. అన్నాళ్లూ మేము నీళ్లను అడిగాం, సీసాలను అడిగాం, వెండి అమ్మినవాణ్ణి ఫోన్లో అడిగాం. మనిషిని అడగలేదు. అక్క వైపు తిరిగాను.

"అక్కా, ఆకులు ఎట్లా కడుగుతావు?"

"శుభ్రంగా."

"శుభ్రంగా అంటే?"

"ఉప్పునీళ్లల్లో నానబెట్టి."

 అక్క అందరి ముఖాలూ చూసింది. "ఏమి? రోడ్డు పక్క చెట్లు అవి. దినామూ కార్లు మోసే లారీలు పోతాంటాయి. ఆకుల మీద దుమ్ము, సన్నపురుగులు. మా ఇంట్లో కొత్తిమీరైనా, ద్రాచ్చపండ్లయినా ఉప్పునీళ్లల్లో ముంచందే పళ్లెంలోకి రావు. మేడమ్ 'బాగా కడుగక్కా, బాగా కడుగక్కా' అన్నప్పుడల్లా నేను ఇంకో పిడికెడు ఏస్తా వచ్చినా."

అందుకే మజ్జిగ రోజురోజుకూ చిక్కనైంది.

మేడమ్ నేల మీద చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్లలో నీళ్లొచ్చి, అవి తుడుచుకుని నన్ను చూసి, నేను మోసిన క్యాన్లను చూసి మళ్లీ నవ్వింది. నాకూ ఆగలేదు. మేస్త్రీకి ఏమీ అర్థం కాకపోయినా మర్యాదకు నవ్వాడు.

అక్కకు మాత్రం కోపం వచ్చింది. "నవ్వుతారేంది? క్లోరైడు క్లోరైడు అని ఎతుకుతాంటిరి గానీ, ఉప్పు అని ఒక్కసారన్నా అంటిరా? అనింటే ఆ దినమే చెప్పనూ!"

తప్పు మాదే. పాఠకుడికి తెలిసిన మాటే రాయాలని డెస్కులో ఎన్నోసార్లు చీవాట్లు తిన్నవాణ్ణి నేను. మీరు రేపు ఏ ఉద్యోగంలో ఉన్నా ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. మిగతావి మర్చిపోయినా నేనేమీ అనుకోను.

అక్క ఆకులు కోసుకొచ్చి ఈసారి ఉప్పు లేకుండా బెంగళూరు నీళ్లతోనే కడిగింది. కడుగుతూ, "ఇట్లయితే నాకు మనసు ఒప్పదు," అని గొణుక్కుంది. మేడమ్ కషాయం కాచి, వడబోసి, చల్లార్చి వెండి నీళ్లలో కలిపింది. మజ్జిగ రాలేదు. సీసా నిర్మలంగా, ఏమీ జరగనట్టుంది. మేస్త్రీ మెల్లగా దగ్గి, "సామీ, గీత యాడ గీయాల?" అన్నాడు.

"ఉండప్పా నువ్వొకడు! రంగు వచ్చేది చూసి పోదాం," అన్నాడు పెద్దాయన.

టీ తెప్పించాం. ఆయన తన గ్లాసు తాగకుండా సీసా పక్కన పెట్టాడు, రంగు పోల్చడానికి. నీళ్లు లేత పసుపయ్యాయి. "బీరపువ్వు," అన్నాడు. కాసేపటికి తేనె రంగు. "మా గోదాములో ఇదే రంగు చీర ఒకటుండాది." ఇంకాసేపటికి ముదిరింది. పెద్దాయన కుర్చీలోంచి లేచి, వంగి, గ్లాసు చూసి సీసా చూసి, సీసా చూసి గ్లాసు చూసి, "వచ్చిందమ్మో!" అని కేకేశాడు. ఆ కేకకు రోడ్డు మీద కొబ్బరిబోండాలవాడు తొంగిచూశాడు. అక్క చప్పట్లు కొట్టింది. మేడమ్ షెడ్డు చుట్టూ ఒక ప్రదక్షిణం పరుగెత్తి వచ్చింది. చల్లారిన టీని పెద్దాయన ఒక్క గుక్కలో తాగేశాడు.

కారెక్కేముందు గానీ తానేం చేశాడో ఆయనకు తట్టలేదు. డోరు పట్టుకుని ఆగిపోయి, నన్ను చూసి, "ఏమప్పా పేపరాయనా, నేను ఈడికి ఎందుకొచ్చినా?" అన్నాడు.

"మగ్గాలకు గీతలు గీయించడానికండీ."

"ఆఁ," అన్నాడు. "ఇది మాత్రం రాయొద్దు."

గుడిబండ రైతు ఇచ్చిన గింజల్లో మిగిలినవన్నీ వెండి నీళ్లలో స్నానం చేసి సీసాల్లోకి వెళ్లాయి. రోజులు గడిచాయి. బూజు రాలేదు. తెల్లదూది లేదు, మసి లేదు, అక్క మెచ్చిన గులాబీ అంచు లేదు. అయితే మొలకా లేదు. గంధపు గింజ బద్ధకం గురించి మొదట్లోనే చెప్పాను కదా. అద్దంలాంటి జెల్లీ మీద గింజలు ఊరికే కూర్చున్నాయి. శివరాత్రి వెళ్లిపోయింది. పెద్దాయన రోజూ ఉదయమే ఫోన్ చేసేవాడు, కోడలికి కాదు, నాకు.

"లేసిందా?"

"లేవలేదండీ."

"బూజు?"

"లేదండీ."

"బూజు ల్యాకుంటే చాలదప్పా, మొక్క కావాలన్నా నేను," అని పెట్టేసేవాడు. ఆ గొంతులో మొక్క రాలేదన్న సంతోషం వెతికాను. దొరకలేదు.

ఉగాది ముందు రోజులవి. మామిడికాయలూ బెల్లమూ బజారు నిండా ఉన్నాయి. మేడమ్ సీసాల గదిలోకి పోవడమే మానేసింది. చూస్తే మొలవదేమోనని ఆమె భయం. వృక్షశాస్త్రంలో ఆ సూత్రం ఎక్కడుందని అడిగితే, "మా అమ్మ సూత్రం సార్," అంది. చూసేది అక్క ఒక్కతే. పండగ ఎల్లుండి అనగా, గదిలోంచి అక్క బయటికి వచ్చింది. మాస్కు తీసి, మేడమ్ ఎదురుగా నిలబడి, చూపుడువేలు వంచి కొక్కెంలా పెట్టి చూపించింది.  మేడమ్ ఆ వేలు వైపు చూసి, చెప్పులు కూడా విడవకుండా లోపలికి పరుగెత్తబోయింది. అక్క చెయ్యి పట్టి ఆపి చెప్పులు విడిపించింది.

సీసా అడుగున గింజ పగిలి, లేతపచ్చని కొక్కెం ఒకటి పైకి లేస్తోంది. పక్క సీసాలో ఇంకోటి.

ఫోన్ చేద్దామంటే మేడమ్ వద్దంది. "మామ మాటంటే మాట అన్నారు కదా సార్. పండగనాడే వచ్చి చూడనీ."

ఉగాది పొద్దున్నే ఆయన వచ్చాడు. కారు వెనకే లారీ. లారీలో మగ్గాల సామాను, తాళ్లతో కట్టి. మాట తప్పే మనిషి కాదు. కొత్తపంచె కట్టుకుని, ముఖం మాత్రం చావుకబురు తెచ్చినట్టు పెట్టుకుని దిగాడు. మేడమ్ లోపలికి వెళ్లింది. రెండు చేతులా సీసా తెచ్చి ఆయన చేతుల్లో పెట్టింది. అప్పటికి కొక్కెం నిలువుగా నిలబడి, రెండు బుల్లి ఆకులు విప్పుకుంది.

పెద్దాయన చాలాసేపు చూశాడు. వెలుగుకు ఎత్తి చూశాడు, తిప్పి చూశాడు. "ఇది గంధమేనా?" అన్నాడు.

"గంధమే మామా."

"ఏదీ," అంటూ మూత తీసి ముక్కు లోపల పెట్టాడు.

"అయ్యో!" అని మేము ముగ్గురం ఒకేసారి అరిచిన అరుపుకు లారీ డ్రైవరు కిందికి దూకాడు. పెద్దాయన బెదిరిపోయి, మూత ఒక చేతిలో సీసా ఒక చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. ఇన్ని తిప్పలూ పడింది ఆ సీసాలోకి బయటి గాలి పోకుండా. ఆయన అందులోకి వక్కపొడితో సహా ఊపిరి వదిలాడు.

"వాసన చూస్తాంటినమ్మా," అన్నాడు చిన్నగా. "ఏం వాసనా రాల్యా."

"దానికి వాసన రావాలంటే చానా ఏండ్లు పడుతుంది మామా. లోపల చేవ పట్టాల." మేడమ్ ఏడవాలో నవ్వాలో తెలియనట్టు చూసింది. "మూత తీసిన సీసా ఇంక ల్యాబ్‌కు పనికిరాదు. ఇది మీదే. మన్నులో నాటుకోండి. అయితే ఇది ఒక్కటే బతకదు. పక్కన ఇంకో మొక్క వేరు పట్టుకుని దాని బలం తీసుకుంటుంది. కుండీలో కందిమొక్క పెట్టండి."

ఆయన ముఖం వెలిగిపోయింది. అవకాశం దొరికితే వదిలే మనిషి కాదు. "అంటే పక్కోళ్ల మీద బతికే రకమా! మా షెడ్డులో ఈ ల్యాబు మాదిరే!"

"అవును మామా," అంది మేడమ్. "అయినా వాసనకు పేరొచ్చేది దీనికే."

లారీ డ్రైవరు ఫక్కున నవ్వి, పెద్దాయన చూసేసరికి ఆపుకున్నాడు. పెద్దాయనా నవ్వాడు. గడ్డం తడుముకుంటూ షెడ్డును ఈ మూల నుంచి ఆ మూలకు చూశాడు, ఈసారి అడుగులు వేయకుండా. "పక్క సీసాలో ఉండేది తెరవకుండా చూపిస్తారా?" అని అడిగాడు. చేతులు వెనక్కి కట్టుకుని గాజు బయటినుంచే చూసి వచ్చాడు. తర్వాత డ్రైవరుతో, "బండి ధర్మవరం తిప్పప్పా. ఈడ జాగా ల్యాదు," అన్నాడు.

అక్క పెట్టిన ఉగాది పచ్చడి తిన్నాం. ఉప్పు సరిపోయిందా అని ఎవరో అడిగారు. ఎవరడిగారో గుర్తులేదు గానీ, నవ్వు ఆగేసరికి పచ్చడి గిన్నె ఖాళీ. ఆయన కారు వద్దని లారీలోనే ముందు సీటెక్కాడు, మొక్క కుదుపుకు వాలిపోకుండా ఒళ్లో పెట్టుకోవడానికి లారీ అయితే ఎత్తుగా బాగుంటుందట. వెనక మగ్గాలు కటకటమంటుంటే, కొత్తపంచె మీద బుల్లి సీసా పట్టుకుని వెళ్లిపోయాడు.

రెండో సీసా చివుళ్ల నుంచి వచ్చిన మొక్కలు తర్వాత గుడిబండ రైతు పొలానికి వెళ్లాయి. ఈసారి చుట్టూ కంచె వేసి, కంచెకు గంటలు కట్టానని కబురు పంపాడు. ల్యాబ్ ఇప్పటికీ అదే షెడ్డులో ఉంది. అక్క ఇప్పటికీ వచ్చినవాళ్ల చేతుల వాసన చూసే లోపలికి పంపిస్తుంది.

మొన్న ధర్మవరం వెళ్లినప్పుడు పెద్దాయన ఇంటికి వెళ్లాను. పెరట్లో గంధం నా భుజం దాటింది. కందిమొక్క పని ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు గంధం పక్కనున్న కానుగ వేరు పట్టుకుందట. చీరలు కొనడానికి వచ్చిన ఎవరికో ఆయన దాన్ని చూపిస్తున్నాడు. "ఈ మందు మేమే కనిపెట్టినాం. నేనూ, మా కోడలూ," అంటున్నాడు. నన్ను చూసి కొంచెం తడబడి, "ఏమప్పా పేపరాయనా, అంతే గదా?" అన్నాడు. అంతేనండీ అన్నాను.

వాళ్లు వెళ్లాక చెట్టు దగ్గరికి పోయి, మాను మీద ముక్కు ఆనించి గట్టిగా పీల్చాడు. రోజూ చూస్తాడట.

"ఇంకా రాల్యా," అన్నాడు.

కాసేపు ఆలోచించి, ఒక ఆకు తుంచి నాలుక మీద పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. నేను ఎదురుచూశాను.

"ఉప్పు మాత్రం ల్యాదప్పా," అన్నాడు.